ర్యాంపు మీద కారు పొట్ట తగులుతోందా? ముందు మడత కొలవండి

ర్యాంపు ఎక్కేటప్పుడు కారు కింద గర్రుమని చప్పుడైతే చాలు, "వాలు మరీ ఎక్కువైంది" అనేస్తారు. వాలు ఎంత ఎక్కువైనా సరే, మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటే దాని మీద కారుకి ఏదీ తగలదు. నాలుగు చక్రాలూ ఒకే తలం మీద ఉన్నప్పుడు కారు కింద ఖాళీ చదును నేల మీద ఎంత ఉంటుందో అంతే ఉంటుంది. తగిలేది రెండే చోట్ల. రోడ్డు ఆగి వాలు మొదలయ్యే చోట ఒకటి, వాలు ఆగి పార్కింగు చదును మొదలయ్యే చోట ఇంకొకటి. వీటిని కింది మడత, పై మడత అందాం.

ఈ తేడా తెలియకపోవడం వల్లే డబ్బు వృథా అవుతుంది. ర్యాంపు మొత్తం పగలగొట్టి, వాలు కాస్త తగ్గించి, మళ్ళీ అదే పదునైన అంచులతో పోసేస్తారు. పదిహేను రోజులు కారు వీధిలో పెట్టుకుని, తీరా ఎక్కిస్తే మళ్ళీ అదే చప్పుడు.

గీతలే చెప్తాయి

కొలతలకి ముందు నేల మీద ఉన్న గీతలు చూడండి. కారులో ఏ భాగం తగులుతోందో గీత ఉన్న చోటును బట్టి తెలిసిపోతుంది.

పై మడత అంచు మీదే, ర్యాంపు నడిమధ్యన, కారు వెళ్ళే దిశలో నున్నగా అరిగిన చారలుంటే అది పొట్ట. సైలెన్సరు గొట్టమో, ఇంజను కింది కవరో. కింది మడత దాటి ర్యాంపు పైకి 70 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో గీతలుంటే అది ముందు బంపరు కింది అంచు, ఎక్కేటప్పుడు తగిలింది. మడతకి ఇవతల, రోడ్డు వైపు అంతే దూరంలో గీతలుంటే రెండు అవకాశాలున్నాయి: ముక్కు ముందుగా దిగేటప్పుడు బంపరు తగలొచ్చు, ఎక్కేటప్పుడు వెనక తోక ఈడ్చుకోవచ్చు. నల్లటి ప్లాస్టిక్ పొడి ఉంటే బంపరు. లోహం గీసిన మెరుపు ఉంటే వెనక కొక్కెమో, సైలెన్సరు చివరో.

గీతలు కలగాపులగంగా ఉంటే రెండు మడతల దగ్గరా తడి సుద్ద పూయండి. ఆరాక కారుని నడక వేగంతో ఒకసారి ఎక్కించి దించండి. ఒక మనిషి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూడాలి. కారులో ఒక్కరే ఉంటే ఈ పరీక్ష పనికిరాదు. మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందినీ కూర్చోబెట్టాలి. నిండు కారు 30 నుంచి 50 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, అసలు తగిలేది అప్పుడే.

లెక్క చిన్నదే

వాలుని శాతంలో చెప్పుకుంటే లెక్కలు తేలిక. 3 మీటర్ల అడ్డ దూరంలో 600 మిల్లీమీటర్లు లేస్తే 20 శాతం. ఫోనులో వాలు చూపించే యాప్ డిగ్రీలు చూపిస్తుంది, దాన్ని శాతం అనుకుని మోసపోయేవాళ్ళు చాలామంది. ఒక డిగ్రీ అంటే దాదాపు 1.75 శాతం. 10 డిగ్రీలంటే 17.6 శాతం.

పై మడతలో కారు మధ్యభాగం ఎంత కిందికి వస్తుందో తెలియాలంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని వాలు తేడాతో గుణించి నాలుగుతో భాగించండి. చక్రాల మధ్య 2600 మిల్లీమీటర్లు, వాలు తేడా 20 శాతం అయితే 2600 × 0.20 ÷ 4 = 130 మిల్లీమీటర్లు. అంటే మడత అంచు సరిగ్గా కారు నడుము కిందికి వచ్చినప్పుడు పొట్ట కింది ఖాళీలో 130 మిల్లీమీటర్లు మడతే తినేస్తుంది. కంపెనీ 165 అని రాసిన కారు, జనం ఎక్కాక 120కి దిగింది. ఇంకేం, తగులుతుంది.

కింది మడతలో లెక్క ఇంకా సులువు. ముందు చక్రం నేలని తాకే చోటునుంచి బంపరు కింది అంచు దాకా ఉన్న దూరాన్ని వాలు తేడాతో గుణిస్తే చాలు. ఆ దూరం 800 మిల్లీమీటర్లైతే 800 × 0.20 = 160. బంపరు అంచు ఎత్తు నేలనుంచి 170 ఉన్నా, బ్రేకు తొక్కగానే ముక్కు 20–30 మిల్లీమీటర్లు వంగుతుంది. అందుకే దిగేటప్పుడు తగిలే కారు ఎక్కేటప్పుడు తగలకపోవచ్చు.

ఇక్కడొక మెలిక ఉంది. వాలు తేడా అన్నాను కానీ ర్యాంపు వాలు అనలేదు. రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి అంచులకి 2–3 శాతం జారుతుంది. కాలువ దగ్గర ఆ జారుడు ఇంకాస్త పెరుగుతుంది. రోడ్డు మీ ర్యాంపు అడుగు వైపుకి 3 శాతం దిగి, అక్కడినుంచి ర్యాంపు 20 శాతం లేస్తే మడత తేడా 23 శాతం. బంపరు లెక్క 160 కాదు, 184. "పక్కింటి ర్యాంపు మా దానికంటే నిటారుగా ఉంది, వాళ్ళ కారు మాత్రం తగలదు" అనే ఫిర్యాదుకి చాలాసార్లు సమాధానం ఇదే. రోడ్డు వాళ్ళింటి ముందు చదునుగా ఉండి ఉంటుంది.

మొత్తానికి గుర్తు పెట్టుకోవలసిన హద్దులు: పై మడతలో వాలు తేడా 12 శాతం దాటితే, కింది మడతలో 15 దాటితే మధ్యలో ఇంకో మెత్తటి వాలు అవసరం. బాగా కిందికి ఉండే కార్లకైతే అంతకంటే తక్కువకే తిప్పలు మొదలవుతాయి.

కొలకర్ర: ఈ పనికి దీన్ని మించిన పనిముట్టు లేదు

కాగితం మీద లెక్క ఒకటి, నేల మీద ఉబ్బులూ గుంటలూ వేరొకటి. అందుకే ఒక కొలకర్ర చేసుకోండి. 50 × 25 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం, 4.3 మీటర్ల పొడవు, 50 వైపు నిలువుగా ఉండేలా పడుకోబెట్టి వాడాలి. దాని మీద మీ కారు కొలతలు గుర్తు పెట్టండి: ముందు కొన నుంచి 800 మిల్లీమీటర్ల దగ్గర ముందు చక్రం, అక్కడినుంచి 2600 దూరంలో వెనక చక్రం, మిగతాది తోక. ఈ అంకెలు మీ కారువి వేసుకోండి. చక్రాల గుర్తుల కింద రెండు చెక్క దిమ్మలు కట్టండి. దిమ్మ ఎత్తు ఎంతంటే, జనం నిండిన కారు పొట్ట కింద ఖాళీలోంచి 25 మిల్లీమీటర్లు తీసేసినంత. 120 ఉంటే దిమ్మ 95.

ఇప్పుడు ఈ కర్రని కారు వెళ్ళే దారిలో, దిమ్మల మీద నిలబెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ పోండి. కర్ర మధ్యభాగం ఎక్కడ నేలని తాకితే అక్కడ కారు పొట్ట తాకుతుంది. సుద్దతో గీత గీయండి. పొట్ట పని అయ్యాక దిమ్మలు విప్పి, బంపరు అంచు ఎత్తుకి సరిపడే ఇంకో జత కట్టి, కొనలు ఎక్కడ తాకుతాయో చూడండి. ర్యాంపు మధ్యలో ఒకసారి, రెండు చక్రాల దారుల మీద ఒక్కోసారి, మొత్తం మూడు వరసలు. అరగంట పని. కొత్తగా కాంక్రీటు పోసే ముందు దాని మట్టం కోసం కట్టే అచ్చు చెక్కల మీద కూడా ఇదే కర్ర జరిపి చూడాలి. కాంక్రీటు గట్టిపడ్డాక తెలిసే తప్పుకంటే చెక్క దగ్గర తెలిసే తప్పు ఎంతో చవక.

ఎత్తుల కొలతకి నీళ్ళ పైపు చాలు. పారదర్శకమైన పైపులో బుడగ లేకుండా నీళ్ళు నింపి, పార్కింగు గచ్చు మట్టాన్ని సున్నాగా పెట్టుకుని, ప్రతి 500 మిల్లీమీటర్లకీ ఎంత దిగిందో రాసుకోండి. మడతలకి అటూ ఇటూ మీటరు దూరం వరకు మాత్రం 250కి ఒకటి తీసుకోండి. పైపులో ఒక్క బుడగ ఉన్నా కొలతలన్నీ తప్పుతాయి. మొదలుపెట్టేముందు రెండు కొసలనీ పక్కపక్కన పెట్టి నీళ్ళు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ముందు పై మడత

రెండు మడతల్లోనూ తగులుతుంటే పై మడతతో మొదలుపెట్టమంటాను. అది పూర్తిగా మీ స్థలంలో ఉంటుంది. కాలువ, రోడ్డు, ఇంకొకరి అనుమతి ఏవీ అడ్డు రావు. పైగా తక్కువ పనికి ఎక్కువ లాభం వచ్చేది ఇక్కడే.

పాత అంచుకి అటు 750, ఇటు 750 మిల్లీమీటర్లు, మొత్తం 1.5 మీటర్ల పట్టీ తీసేసి, ఆ చోట సగం వాలు పెట్టాలి. ర్యాంపు 20 శాతమైతే ఈ పట్టీ 10 శాతం. పాత అంచు దగ్గర కొత్త గచ్చు 75 మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. పట్టీ పై కొసన పార్కింగు మట్టానికి, కింది కొసన ర్యాంపు మట్టానికి కలిసిపోతుంది. ఇదివరకు 130 మిల్లీమీటర్లు తినేసిన మడత ఇప్పుడు 65 తింటుంది. సరిగ్గా సగం. పట్టీ రెండు అంచుల్నీ మేస్త్రీ తాపీతో ఒక అడుగు మేర గుండ్రంగా లాగితే ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు కలిసొస్తుంది. మొత్తం ర్యాంపు కదిలించకుండా వచ్చే లాభం ఇదంతా.

పగలగొట్టేముందు అంచు కింద ఏముందో తెలుసుకోవాలి. చాలా ఇళ్ళల్లో సరిగ్గా అక్కడే గేటు కింద ప్లింత్ బీమ్, అంటే పునాది మీద వేసే కాంక్రీటు దూలం, పోతుంది. బీమ్‌ని ఒక్క అంగుళం కూడా చెక్కకూడదు, కడ్డీ కనిపించాక "కొంచెమే కదా" అని కోయనివ్వకూడదు. నీళ్ళ తొట్టి కప్పు, మురుగు గొట్టం, కరెంటు తీగ కూడా ఆ దారినే ఉండొచ్చు. బీమ్ పైభాగం కొత్త గచ్చు మట్టం కంటే పైకి ఉంటే ఈ పద్ధతి కుదరదు. అప్పుడు చక్రాల పట్టీల పద్ధతి ఉంది, తర్వాత చెప్తాను.

ఏమీ అడ్డం లేకపోతే, రెండు అంచుల్నీ దారం కొట్టి డిస్క్ కట్టర్‌తో 40–50 మిల్లీమీటర్ల లోతు కోయాలి. కోయకుండా బ్రేకర్ పెడితే అంచు వంకరగా ఊడి, పాత గచ్చులో పగుళ్ళు పాకుతాయి. మధ్యలో ఉన్న పాత కాంక్రీటు మొత్తం తీసెయ్యాలి. పైనుంచి 75 చెక్కి మిగతాది ఉంచుదామంటే, 100 మందం గచ్చులో మిగిలేది 25 పలక. మొదటి వారంలోనే విరుగుతుంది.

కొత్త గచ్చు అడుగు నుంచి మొదలవ్వాలి. కింద 100 మిల్లీమీటర్ల గ్రావెల్, నీళ్ళు చల్లి గట్టిగా దిమ్మిస కొట్టాలి. దాని మీద 125 మందం కాంక్రీటు. పాత అంచు దగ్గర పాత మట్టం నుంచి 300 మిల్లీమీటర్లు తవ్వాలన్న మాట: 75 కోత, 125 కాంక్రీటు, 100 గ్రావెల్. ఇనుము 8 మిల్లీమీటర్ల కడ్డీ, రెండు వైపులా 200కి ఒకటి. 3 మీటర్ల వెడల్పు పట్టీకి ఆ వెడల్పు వెంట వేసే పొడవు కడ్డీలు 8, కారు వెళ్ళే దిశలో వేసే పొట్టి కడ్డీలు 16, కలిపి 18 కిలోలు. ఈ కడ్డీల జాలీ కింద, దాన్ని నేలకి ఎత్తుగా ఉంచే 50 మిల్లీమీటర్ల కవర్ బిళ్ళలు పెట్టాలి. మట్టి మీద పరిచి, పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతామంటే ఒప్పుకోవద్దు. ఎవరూ లాగరు.

కాంక్రీటు పట్టీకి 0.56 ఘనపు మీటర్లు అవుతుంది, వృథాతో 0.6 పెట్టుకోండి. 1:1½:3 పాళ్ళలో కలిపితే 50 కిలోల సిమెంటు బస్తాలు 5, ఇసుక పావు ఘనపు మీటరు, 20 మిల్లీమీటర్ల కంకర అర ఘనపు మీటరు. నీళ్ళు బస్తాకి 22 నుంచి 25 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. ఈ పని చెడిపోయేది నీళ్ళ దగ్గరే. చదును గచ్చుకి అలవాటుపడిన చేయి జావలా కలుపుతుంది. వాలు మీద జావ కిందికి జారి, పైన కంకర తేలి, కింది అంచున ఉబ్బు కడుతుంది. మీరు తగ్గించాలనుకున్న చోటే ఎత్తు పెరుగుతుంది. పిడికిలితో నొక్కితే ఆకారం నిలిచేంత గట్టిగా ఉండాలి. కిందినుంచి పైకి పోయాలి, మట్టపు పలకని కూడా కిందినుంచి పైకే లాగాలి.

పార్కింగు గచ్చుకీ కొత్త పట్టీకీ మధ్య 12 మిల్లీమీటర్ల ఫిల్లర్ బోర్డు (రెండు గచ్చుల్నీ విడిగా ఉంచే మెత్తటి అట్ట) నిలబెట్టండి, ఇంటి గోడకీ బీమ్‌కీ ఈ గచ్చు అంటుకోకూడదు. కింది అంచున మాత్రం పాత ర్యాంపుతో కట్టెయ్యాలి: 12 మిల్లీమీటర్ల కడ్డీ ముక్కలు, 300కి ఒకటి, పాత గచ్చు మందం మధ్యలో 120 లోతు బెజ్జం కొట్టి ఎపాక్సీతో దించాలి. కట్టకపోతే కొన్నాళ్ళకి రెండు గచ్చుల మధ్య మెట్టు లేస్తుంది. ఆ మెట్టే కొత్త మడత.

కింది మడత మొండిది

బంపరు తగిలే చోట కూడా సగం వాలు పెడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. కారణం ఉంది.

20 శాతం ర్యాంపు అడుగున 1.5 మీటర్ల 10 శాతం పట్టీ పెట్టారనుకుందాం. ముందు చక్రం పట్టీ ఎక్కింది, బంపరు బాగానే ఉంది. పట్టీ చివరికి వచ్చి, అసలు వాలు మొదలయ్యే చోట చక్రం ఉంది. వెనక చక్రం ఇంకా రోడ్డు మీదే ఉంది. కాబట్టి కారు ముక్కు పైకి లేచింది 10 శాతం కాదు, 150 మిల్లీమీటర్లని 2600తో భాగిస్తే వచ్చే 5.8 శాతమే. ఎదురుగా 20 శాతం గోడలా ఉంది. తేడా 14.2 శాతం, 800తో గుణిస్తే 114. ఇదివరకు 160. తగ్గింది గానీ సగం కాలేదు. అదే పట్టీ 2.5 మీటర్లుంటే 83కి దిగుతుంది. కింది పట్టీ కారు చక్రాల మధ్య దూరమంత ఉండాలన్నది అందుకే. పైన పనికొచ్చిన 1.5 మీటర్లు కింద పనికిరావు.

2.5 మీటర్ల పట్టీని పాత అడుగుకి అటూ ఇటూ సమానంగా పెట్టాలంటే 1.25 మీటర్లు రోడ్డు మీదికి వెళ్ళాలి, అడుగు దగ్గర 125 మిల్లీమీటర్లు పోత పడుతుంది. అక్కడే కాలువ ఉంటుంది. రోడ్డు అంచు మీది కాదు, కాలువ అసలే కాదు. దాన్ని కప్పేస్తే మొదటి వానకి నీళ్ళు మీ గేటులోకో, పక్కింట్లోకో వస్తాయి. రోడ్డు మళ్ళీ వేసేటప్పుడు ఆ పోత కొట్టేసి పోతారు, అదొకటి.

మీ స్థలంలోనే తేల్చుకోవాలంటే ఒకే దారి: ర్యాంపుని లోపలికి పొడిగించడం. 600 ఎత్తుని 3 మీటర్లలో కాకుండా 4.5 మీటర్లలో ఎక్కిస్తే వాలు 13.3 శాతం. పొట్ట దగ్గర 130 కాస్తా 87, బంపరు దగ్గర 160 కాస్తా 107. 5.5 మీటర్లు దొరికితే వాలు 10.9కి దిగుతుంది: 71, 87. ఇక అంచులు రెండూ కాస్త గుండ్రంగా లాగితే చాలు, సగం వాలు పట్టీల గొడవే అక్కర్లేదు.

మరి అదే 4.5 మీటర్లలో రెండు కొసలా 1.5 మీటర్ల పట్టీలు పెడితే? మధ్యలో మిగిలిన 1.5 మీటర్లు 20 శాతంగా ఎక్కాల్సొస్తుంది. పొట్ట 65, బంపరు 114. బంపరు దగ్గర ఏకవాలు కంటే కాస్త ఎక్కువే తినేస్తోంది! కాబట్టి నేను చూసే పద్ధతి ఇది: పొట్ట మాత్రమే తగులుతుంటే పైన పట్టీ, బంపరు కూడా తగులుతుంటే పొడవు పెంచిన ఏకవాలు. అందంగా ఉంటుందని రెండు వైపులా వంపులు గీసే నక్షాలు చూశాను, పొడవు చాలని చోట అవి కాగితం మీదే బాగుంటాయి.

కాలువ నోరు కూడా చూడండి. ర్యాంపు అడుగున 300 వెడల్పు, 50 లోతు గుంట ఉంటే చక్రం అందులో దిగినప్పుడు బంపరు కూడా దాదాపు అంతే దిగుతుంది. ర్యాంపు ముట్టుకోకుండా ఆ గుంటని జాలీతో చదును చేస్తే ఒక్కోసారి బంపరు సమస్య మొత్తం పోతుంది. జాలీ కార్లు తిరిగే రకం ఇనుముది అయ్యుండాలి. దాన్ని పైకి తీసి కాలువ శుభ్రం చేసుకునే వీలుండాలి. జాలీ బదులు చెకర్డ్ ప్లేటు (పైన గరుకు గీతలుండే ఇనుప పలక) వేస్తే 6 మిల్లీమీటర్ల మందం, అడుగున 50 × 50 × 6 యాంగిల్ (L ఆకారపు ఇనుప కడ్డీ) 250–300కి ఒకటి వెల్డింగు చేయించండి. ఉత్త ప్లేటు నెల తిరక్కుండా గిన్నెలా వంగుతుంది. వానలో జారుతుంది, రాత్రిళ్ళు డబడబ మోగుతుంది కూడా. అంచుల కింద రబ్బరు పట్టీ పెడితే మోత తగ్గుతుంది.

రోడ్డు అంచు దిమ్మె ముందు పెట్టే రబ్బరు వాలుముక్కలు చక్రం ఎక్కడానికే. బంపరుకి వాటివల్ల ఒరిగేది తక్కువ. 100 ఎత్తుకి 300 పొడవు ముక్క అంటే 33 శాతం వాలు!

చెక్కడానికి వీల్లేకపోతే చక్రాల పట్టీలు

పై అంచు కింద బీమ్ ఉంది, లోపలికి పొడిగించే చోటు లేదు. అప్పుడు అంచుని దించలేం కాబట్టి చక్రాల్ని లేపాలి. చక్రాలు వెళ్ళే రెండు దారుల్లో మాత్రమే 50 మిల్లీమీటర్ల మందం పట్టీలు పోసి, నడిమధ్య పాత మట్టమే ఉంచాలి. పొట్ట కింద 50 మిల్లీమీటర్లు అదనంగా దొరుకుతుంది.

పట్టీ వెడల్పు 500, రెండింటి నడుముల మధ్య దూరం 1.5 మీటర్లు. పొడవు అంచుకి అటూ ఇటూ కనీసం 2 మీటర్లు, ఆ తర్వాత మరో మీటరు పాటు మందం తగ్గుతూ పోవాలి. పొడవు తక్కువ చేస్తే ఒక జత చక్రాలు పట్టీ దిగిపోయే సమయానికి అంచు ఇంకా పొట్ట కిందే ఉంటుంది, చేసిందంతా దండగ. పక్క తలుపుల కింద పట్టీలు బాగా కిందికి ఉండే కార్లకి ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. ఎందుకంటే అవి చక్రాల వరసలోనే, లేపిన పట్టీ మీదుగానే వెళ్తాయి.

పల్చటి పోత ఎందుకు ఊడిపోతుంది

మడత నింపడానికో, చక్రాల పట్టీకో పాత గచ్చు మీదే కొత్తది పోస్తున్నప్పుడు అందరూ చేసేది అంచుని సున్నాకి అరగదీయడం. సిమెంటు పోతని అలా పల్చబార్చలేం. 10–15 మిల్లీమీటర్ల పెచ్చు మీద చక్రం తిరిగితే పొరలు పొరలుగా లేస్తుంది. కాంక్రీటు పోత ఎక్కడా 40కి తగ్గకూడదు, అందులో కంకర 10 మిల్లీమీటర్లదే వాడాలి. పట్టీ సున్నాకి కలవాల్సిన కొసన పాత గచ్చుని 40 లోతు నిలువుగా కోసి, గాడిలాగా తీసి, కొత్తది అందులో కూర్చునేలా చేయాలి. అప్పుడు పైన చూస్తే సున్నాకి కలిసినట్టే ఉంటుంది, లోపల మాత్రం 40 మందం ఉంటుంది.

పాత గచ్చు నున్నటి పైపొర చెక్కి కంకర కనపడేలా చేయాలి. ఆయిలు మరక ఉన్న చోటు కడిగితే పోదు, చెక్కాల్సిందే. ముందురోజు రాత్రంతా తడిపి, పొద్దున నిలిచిన నీళ్ళు తుడిచెయ్యాలి. గచ్చు లోపల తడిగా, పైన పొడిగా ఉండాలి. తర్వాత సిమెంటు పాలని గట్టి బ్రష్షుతో రుద్ది వెంటనే కాంక్రీటు వెయ్యాలి. ఇక్కడే తొందర అవసరం: పాలు పూసి టీకి వెళ్ళొచ్చేలోపు అది ఆరిపోతే, అతికించాల్సిన పొరే విడదీసే పొర అవుతుంది. ఒకేసారి మీటరు మేర మాత్రమే పూయమనండి.

కాంక్రీటు బదులు నేల మీద పరిచే పేవర్ బ్లాకులు వేసుకుంటామంటే 80 మిల్లీమీటర్ల మందానివి తీసుకోండి. కాంక్రీటు కంటే వంపు తిప్పడం సులువు, తేడా వస్తే తీసి మళ్ళీ పరుచుకోవచ్చు. కానీ వాలు మీద బ్లాకులు బ్రేకు దెబ్బలకి మెల్లగా కిందికి జారతాయి. అడుగున కాంక్రీటు అడ్డుకట్ట ముందు పోసి, అక్కడినుంచి పైకి పేర్చుకుంటూ రావాలి.

పైపూత, గేటు, తడి

జారకుండా ఉండాలని ర్యాంపు మీద 20 మిల్లీమీటర్ల గట్లు లేపుతారు. పై అంచు దగ్గర అవి ఖాళీలో 20 తినేస్తాయి, ఇంత కష్టపడి సంపాదించింది అక్కడ పోతుంది. గట్లు వద్దు, గాళ్ళు చాలు: 10 వెడల్పు, 6–8 లోతు, 100కి ఒకటి, మధ్యనుంచి రెండు పక్కలకీ ఏటవాలుగా కిందికి జారుతూ ఉంటే నీళ్ళు పక్కలకి పోతాయి. అంచు పట్టీ మీద చీపురుతో అడ్డంగా గీస్తే సరిపోతుంది. నునుపు పలకలు మాత్రం ఎక్కడా వెయ్యొద్దు.

పక్కకి జరిగే గేటు ఉంటే దాని పట్టా తరచూ పై అంచు మీదే ఉంటుంది, 20–25 మిల్లీమీటర్లు పైకి పొడుచుకుని. అంచు చెక్కి పట్టాని వదిలేస్తే పొట్ట ఇప్పుడు పట్టాకి తగులుతుంది. పట్టాని గచ్చు మట్టానికి దించాలి, గేటు చక్రాలు కూడా అందుకు తగ్గట్టు మార్చాలి. లోపలికి తెరుచుకునే గేటైతే కొత్త మట్టానికి కింద ఎంత సందు మిగులుతుందో పోయకముందే చూసుకోండి. అంచు దించితే సందు పెరుగుతుంది, ర్యాంపుని లేపితే గేటు గచ్చుకి ఆనుతుంది.

ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉంటే లెక్కలన్నీ ఇవే, జాగ్రత్త ఒకటి ఎక్కువ. అక్కడ పై మడత రోడ్డు పక్కనే ఉంటుంది, వాన నీళ్ళని ఆపే గట్టు కూడా అదే. దాన్ని చెక్కితే రోడ్డు నీళ్ళు గ్యారేజీలోకి వస్తాయి. అంచుని దించకుండా దానికి రెండు వైపులా నిండుగా లేపి గుండ్రం చేయడం ఒక్కటే మార్గం, అడుగున అడ్డంగా జాలీ కాలువ తప్పనిసరి.

తడిపే విషయంలో చదును గచ్చుకి చేసినట్టు మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలపడం వాలు మీద కుదరదు. తడి గోనెలు పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి, పట్టు తప్పకుండా రాళ్ళు పెట్టాలి. 10 రోజులు గోనె ఆరకూడదు. కారు ఆ 10 రోజుల తర్వాతే, సామాను లారీ 28 రోజుల తర్వాత. ఎదురు చూడలేక మూడో రోజు రెండు చెక్కలేసి ఎక్కిస్తే అంచులు రాలిపోతాయి.

గోనెలు తీశాక కారుకంటే ముందు కొలకర్ర జరపండి. ఎక్కడైనా 4–5 మిల్లీమీటర్లు తాకుతుంటే కంగారు పడక్కర్లేదు. అక్కడ సుద్ద గీసి, వజ్రపు కప్పు బిళ్ళ పెట్టిన గ్రైండరుతో ఆ మేరకు అరగదీయండి. అంతకంటే ఎక్కువ తాకితే అరగదీయడం ఆపి అచ్చు చెక్కల కొలతలు మళ్ళీ చూడండి. సాధారణంగా దొరికేది పట్టీ కింది అంచున జారి గడ్డకట్టిన ఉబ్బు. దాన్ని కోసి తీసి, ఆ ముక్క మళ్ళీ పోయించుకోవడమే.